యాభై ఏళ్ల పస్తు

1921. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, రోచెస్టర్ ఊరు.

మేయో క్లినిక్ ప్రయోగశాలలో బల్ల మీద ఒక కుక్క. దాని ఒంట్లో కాలేయం లేదు. మొత్తం తీసేశారు. అందుకోసం ఫ్రాంక్ మాన్ అనే పరిశోధకుడు మూడు విడతల ఆపరేషన్ కనిపెట్టాడు. ముందు రక్తం దారి మళ్లించి, కొత్త దారులు తెరుచుకునేదాకా వారాల తరబడి ఓపిక పట్టి, పేగుల నుంచి కాలేయానికి వచ్చే పెద్ద రక్తనాళాన్ని కట్టేసి, మళ్లీ ఆగి, అప్పుడు గానీ కాలేయం మీద కత్తి పెట్టలేదు. మత్తు దిగింది. కుక్క లేచింది. నీళ్లు తాగింది. పిలిస్తే తోకాడించింది. అయితే కాలేయం లేకపోయినా ఫరవాలేదా?

కొన్ని గంటల వరకు ఫరవాలేదు. ఆ తర్వాత కాళ్లలో సత్తువ పోయింది. నిలబడలేక కూలబడింది. పిలిస్తే పలకడం లేదు. మాన్, అతని సహచరుడు థామస్ మగాత్ మళ్లీ మళ్లీ రక్తం తీసి చూస్తున్నారు. చూసిన ప్రతిసారీ చక్కెర ఇంకాస్త పడిపోయి ఉంటోంది. ఒళ్లు అదరడం మొదలైంది. మూర్ఛలు వచ్చేశాయి. ఇక ఎంతోసేపు లేదు. గ్లూకోజ్ నింపిన సిరంజి సిద్ధమైంది.

సూది దిగింది, గ్లూకోజ్ నెత్తుట్లో కలిసింది, నిమిషం తిరిగేసరికి, చచ్చిపోయిందనుకున్న ఆ కుక్క తల ఎత్తి, కాళ్లు కూడదీసుకుని, లేచి నిలబడి, నాలుగడుగులు వేసి, పిలిచిన మనిషి వైపు తిరిగి తోకాడించింది. ఆపితే పడిపోతోంది. ఎక్కిస్తే లేస్తోంది. కాలేయం పోయిన ప్రాణిని అన్నిటికంటే ముందు చంపేది ఆకలి. ఒంట్లోని ఆకలి. అది తేలిపోయింది. కానీ గంటలు గడిచాక గ్లూకోజ్ పనిచేయడం మానేసింది. రక్తంలో చక్కెర నిండుగానే ఉంది. అయినా కుక్క తూలుతోంది, కక్కుతోంది, కళ్లు కనపడక గోడకేసి నడుస్తోంది. ఆకలి తీరాక కూడా ఇంకేదో దాని ప్రాణం తీస్తోంది.

ఏమిటది?

సగం జవాబు అప్పటికే రష్యాలో దొరికి ఉంది. 1877లో నికొలాయ్ ఎక్ అనే డాక్టరు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఎనిమిది కుక్కలకి ఆపరేషన్ చేశాడు. పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయంలోకి పోకుండా నేరుగా గుండె వైపు వెళ్లేలా రెండు రక్తనాళాలని కలిపి కుట్టాడు. ఏడు కుక్కలు చచ్చిపోయాయి. ఎనిమిదోది రెండున్నర నెలలు బతికి, ఒకరోజు ప్రయోగశాల నుంచి పారిపోయింది. ఎక్ పని అక్కడితో ఆగిపోయింది. పదహారేళ్ల తర్వాత, 1893లో, అదే నగరంలో ఇవాన్ పావ్‌లోవ్, రసాయన శాస్త్రవేత్త నెంకీ, మరో ఇద్దరు కలిసి ఆ ఆపరేషన్‌ని మళ్లీ చేతుల్లోకి తీసుకున్నారు. ఈసారి కొన్ని కుక్కలు బతికాయి. వాటి ముందు మాంసం పెట్టారు.

తిన్న కుక్కలకి చిరాకు పుట్టింది. సాధువుగా ఉన్నవి మీద పడి కరవబోయాయి. తర్వాత కాళ్లు తడబడ్డాయి. చూపు పోయింది. మూర్ఛలు, ఆ పైన మత్తు, కొన్నిటికి చావు. కొన్ని కుక్కలు ఈ బాధ పడలేక మాంసం ముట్టుకోవడమే మానేశాయి. నెంకీ రసాయన పరీక్షలు అమ్మోనియా వైపు వేలు చూపించాయి. ప్రోటీన్ అరిగినప్పుడు పేగుల్లో పుట్టే ఈ విషాన్ని రోజూ కాలేయం పట్టుకుని, యూరియాగా మార్చి, మూత్రంలోకి పంపేస్తుంది. కాలేయాన్ని తప్పించుకున్న అమ్మోనియా తిన్నగా మెదడుకి ఎక్కుతుంది. కుక్కల సంగతి సరే, మనుషుల్లోనూ ఇంతేనా? దానికి దాదాపు అరవై ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

1950ల మొదలు. బోస్టన్ సిటీ హాస్పిటల్, థార్న్‌డైక్ మెమోరియల్ లాబొరేటరీ.

మంచాల మీద కాలేయం గట్టిపడిపోయిన రోగులు. పొట్టనిండా నీరు. చేతులు పుల్లలు, పొట్ట మాత్రం ఉబ్బి బొడ్డు బయటికొచ్చింది. ఉప్పు ఒంటికి పట్టకుండా చేస్తే నీరు దిగుతుందని డాక్టర్లకి తెలుసు. అందుకో కొత్త మందు వచ్చింది: పేగుల్లో సోడియాన్ని పట్టేసుకుని, దాని బదులు అమ్మోనియంని వదిలే రెసిన్. రోగులు దాన్ని మింగుతున్నారు. నీరు తగ్గుతోంది. వార్డులో ఆశ పెరుగుతోంది. అప్పుడు ఒక రోగి మాట తడబడింది.

చేతులు ముందుకి చాచమన్నారు. మణికట్లు పైకి వంచమన్నారు. అరచేతులు ఉన్నట్టుండి కిందికి జారి, ఉలిక్కిపడి మళ్లీ లేచాయి. జారాయి. లేచాయి. కాలేయ రోగం ముదిరినవాళ్లలో ఈ చేతుల ఆటని రేమండ్ ఆడమ్స్, జోసెఫ్ ఫోలీ కొన్నేళ్ల ముందే గుర్తించి చెప్పారు. రెసిన్ ఆపేశారు. రోగి తేరుకున్నాడు. మళ్లీ ఇచ్చారు. మళ్లీ మత్తు. చార్లెస్ డేవిడ్సన్ బృందం అక్కడితో ఆగలేదు. అమ్మోనియం క్లోరైడ్ ఇచ్చి చూశారు, యూరియా ఇచ్చి చూశారు, చివరికి ప్రోటీన్ దండిగా ఉన్న భోజనం పెట్టి చూశారు. 1952లో అచ్చేశారు. పావ్‌లోవ్ కుక్కలకి జరిగింది మనుషులకీ జరుగుతోంది. అన్నం పళ్లెం మీద అనుమానం పడింది.

ఇక్కడొక్క మాట చెప్పుకోవాలి. ఇదంతా జరగడానికి పదేళ్ల ముందే, 1941లో, న్యూయార్క్‌లో ఆర్థర్ పాటెక్ అనే డాక్టరు ఇలాంటి రోగులకే కడుపునిండా తిండి పెట్టాడు. పుష్టికరమైన భోజనం, బి విటమిన్లు. వాళ్లలో చాలామంది కోలుకున్నారు. ఆ సంగతి కూడా అచ్చయింది. కానీ బోస్టన్ వార్డులో చేతులు జారిపోవడం కళ్లారా చూసిన భయం ముందు పాటెక్ మాట నిలబడలేదు. ఆ భయానికి ఒక గట్టి గొంతు కూడా దొరికింది.

లండన్, హామర్‌స్మిత్ హాస్పిటల్. షీలా షెర్లాక్‌కి అప్పటికి నలభై కూడా నిండలేదు. కాలేయ వైద్యం అనే శాఖకి ప్రాణం పోసిన డాక్టరు. 1959లో బ్రిటన్ మొత్తం మీద వైద్యశాస్త్రంలో తొలి మహిళా ప్రొఫెసర్ అయింది కూడా ఆవిడే. 1954లో ఆవిడా, సహచరులూ కలిసి లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద వ్యాసం వేశారు. పేగుల రక్తం కాలేయాన్ని తప్పించుకుని పక్కదారుల్లో పారుతున్న రోగుల గురించి అది. ప్రోటీన్ తగ్గిస్తే మెదడు తేటపడుతోంది, పెంచితే మళ్లీ మబ్బు కమ్ముతోంది. కళ్ల ముందు జరుగుతున్న నిజం. అందులో తప్పేమీ లేదు. తప్పు ఆ తర్వాత జరిగింది.

హామర్‌స్మిత్ వాళ్లే ఇంకో దారీ చూపించారు. కాలేయానికి బలమని నమ్మి ఇచ్చే మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం, ఈ రోగుల్ని కోమా వైపు నెడుతోందని 1956లో తేల్చారు. దాంతోపాటు క్లోర్‌టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు ఇస్తే ఆ ముప్పు తప్పుతోంది. విషం తయారుచేసేది పేగుల్లోని సూక్ష్మజీవులు. వాటిని అణిస్తే తిండి ఆపక్కర్లేదు. ఆ మందుకి మరో పేరు ఆరియోమైసిన్. అది పుట్టింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో. కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనలన్నిటికీ పెద్దదిక్కు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మందు లోకానికి తెలిసిన 1948లోనే ఆయన కన్నుమూశారు. తర్వాత నియోమైసిన్ వచ్చింది. 1966లో లాక్టులోజ్ వచ్చింది. తియ్యటి పాకంలా ఉండే ఆ మందు అమ్మోనియాని విరేచనంతో బయటికి తోసేస్తుంది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. మరి పళ్లెంలోకి పప్పు తిరిగి రావాలి కదా?

రాలేదు. కొద్దిమంది కోసం రాసిన పథ్యం అందరిదీ అయిపోయింది. కాలేయం చెడి, మత్తులో ఆస్పత్రికి వచ్చిన ప్రతి మనిషికీ కేస్ షీట్ మీద ఒకటే రాత: ప్రోటీన్ సున్నా. మూడు రోజులు సున్నా. తేరుకుంటే కొద్దికొద్దిగా పెంచు. మళ్లీ మత్తు వస్తే మళ్లీ సున్నా. 1964లో చైల్డ్, టర్కాట్ అనే అమెరికా సర్జన్లు కాలేయ రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో లెక్కగట్టే అయిదు గుర్తులు రాశారు. అందులో ఒకటి, మనిషి తిండీ పుష్టీ ఎలా ఉన్నాయన్నది. 1973లో లండన్‌లో ప్యూ బృందం ఆ పట్టికని సవరించింది. తిండి అన్న గడి తీసేసి, అక్కడ రక్తం గడ్డకట్టే సమయం పెట్టారు. అది అంకెల్లో కొలవొచ్చు, ఇది కంటిచూపు లెక్క. ఆ సవరించిన పట్టికనే ప్రపంచమంతా ఇవాళ్టికీ వాడుతోంది. రోగి ఏం తిన్నాడని అడిగే గడి కూడా పోయింది.

మన దగ్గర దీనికి ఇంకో బలం తోడైంది. కామెర్లనగానే తెలుగిళ్లలో మొదట కట్టేది వంటగదినే. నూనె బంద్. పప్పు బంద్. గుడ్డు ఊసెత్తకూడదు. చప్పిడి కూడు, పల్చటి మజ్జిగ, పొద్దున్నే ఆకు పసరు. నాలుగు వారాల్లో దానంతటదే తగ్గిపోయే కామెర్లకి ఈ పథ్యం పెద్దగా చెరుపు చేయదేమో. కానీ అదే పథ్యం ఏళ్ల తరబడి కాలేయం గట్టిపడిపోతున్న మనిషికి పెడితే?

అతని చెయ్యి చూడాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ గుంట పడి ఉంటుంది. కణతలు లోపలికి పోతాయి. భుజం ఎముక చర్మం కింద మొన తేలి కనపడుతుంది. తూకం మాత్రం తగ్గదు, ఎందుకంటే పొట్టలో లీటర్లకొద్దీ నీరు కూర్చుని ఉంది. కాటా అబద్ధం చెబుతోంది. మామూలు మనిషికి కాలేయం ధాన్యపు గాదె. రాత్రంతా తినకపోయినా అందులో దాచిన గ్లైకోజెన్‌ని గ్లూకోజ్‌గా మార్చి, కొలిచి కొలిచి రక్తంలోకి వదులుతుంది. ఈ మనిషి గాదె ఖాళీ. రాత్రి ఎనిమిదింటికి తిని పొద్దున ఎనిమిదింటిదాకా పడుకుంటే, ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్నప్పుడు ఒంట్లో జరిగేదంతా ఇతని ఒంట్లో ఆ ఒక్క రాత్రిలో జరిగిపోతుంది. 1980ల మొదట్లో అమెరికాలో ఓవెన్ బృందం ఇది కొలిచి చూపించింది. గాదె ఖాళీ అయితే ఒళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది?

కండ నుంచి. కండ కరిగిస్తే వచ్చేది ప్రోటీన్. ప్రోటీన్ విరిగితే వచ్చేది అమ్మోనియా. పైగా కాలేయం చేతులెత్తేసినప్పుడు అమ్మోనియాని పట్టి గ్లుటమిన్‌గా మార్చే రెండో కాపలాదారు ఆ కండే. పళ్లెంలోంచి తీసేసిన మాంసం రోగి ఒంట్లోంచి వస్తోంది, పథ్యం ఆ కాపలాదారుణ్ణి కూడా తినేస్తోంది. ఈ అనుమానం చాలామంది డాక్టర్లకి వచ్చింది. కానీ మత్తులో పడి ఉన్న రోగికి ప్రోటీన్ పెట్టి చూసే ధైర్యం ఎవరు చేస్తారు?

బార్సిలోనా, వాల్ డి హెబ్రాన్ హాస్పిటల్. జోవాన్ కోర్డోబా అనే కాలేయ వైద్యుడు.

గట్టిపడిన కాలేయంతో, మెదడు మబ్బేసి ఆస్పత్రిలో చేరిన 30 మంది. కొందరికి తాము ఎక్కడున్నారో తెలియదు. పేరు చెబితే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తారు. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేశారు. లాటరీ పద్ధతిలో రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి పాత పథ్యం: మూడు రోజులు ప్రోటీన్ సున్నా, తర్వాతి మూడు రోజులు రోజుకి 12 గ్రాములు, ఆ పైన మూడు రోజులు 24, ఇంకో మూడు రోజులు 48, చివరి రెండు రోజులే పూర్తి భోజనం. రెండో జట్టుకి మొదటి రోజు నుంచే, మత్తులో ఉండగానే, ఒంటి తూకంలో కిలోకి 1.2 గ్రాముల ప్రోటీన్. యాభై ఏళ్లుగా విషమని చెప్పిన మోతాదు. గొట్టంలోంచి ఒక్కో చుక్కే దిగడం మొదలైంది.

మొదటి రోజు గడిచింది. రెండో రోజు. పాత పుస్తకాలు చెప్పిందే నిజమైతే, నిండా ప్రోటీన్ ఎక్కుతున్న రోగులు ఈపాటికి ఇంకా లోతుకి జారిపోవాలి, చేతులు ఆడటం పోయి ఒళ్లు కొయ్యబారాలి, పిలుపులకి పలకడం మానేయాలి, మంచం చుట్టూ పరుగులు మొదలవ్వాలి. ఏదీ జరగలేదు. రెండు జట్లూ ఒకేలా తేరుకుంటున్నాయి. ఈ లోపల, ఒంట్లో ప్రోటీన్ ఎంత తయారవుతోంది, ఎంత కరిగిపోతోంది అన్నది కూడా కొలిచారు. అక్కడ తేడా బయటపడింది.

పస్తున్న జట్టులో ఒంటి ప్రోటీన్ ఎక్కువగా కరిగిపోతోంది. పథ్యం మెదడుకి చేసిన మేలు ఏమీ లేదు. కండకి చేసిన కీడు మాత్రం ఉంది. పద్నాలుగు రోజుల పరీక్ష. అందరూ చివరిదాకా నిలవలేదు. రోగులు అంత జబ్బుతో ఉన్నవాళ్లు. చిన్న పరీక్షే. కానీ అప్పటిదాకా ఎవరూ చెయ్యని పరీక్ష. 2004లో అచ్చయింది. షెర్లాక్ వ్యాసం వచ్చి సరిగ్గా యాభై ఏళ్లు.

ఆ తర్వాత రాతలు మారాయి. 2013లో ఈ మెదడు జబ్బుని చూసే నిపుణులంతా కూర్చుని మార్గదర్శకం రాశారు. 2019లో యూరప్ కాలేయ సంఘం రాసింది, తర్వాత మన దేశంలోని కాలేయ వైద్యుల సంఘం కూడా రాసింది. కిలోకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. శక్తి కిలోకి 35 కేలరీలకి తగ్గకూడదు. తూకం నీరు తీసేసి లెక్కగట్టాలి. మాంసం పడని మనిషికి పాలు, పెరుగు, పప్పులు; వాటిని మెదడు ఇంకా బాగా తట్టుకుంటుంది. మరి ఇంతటితో అందరి కేస్ షీట్లూ మారిపోయాయా?

ఐసీయూలో ఇంకా రెండు భయాలు మిగిలే ఉన్నాయి. మొదటిది గొట్టం. ఈ రోగుల అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. గొట్టం వేస్తే పగులుతాయేమోనని చెయ్యి వెనక్కి తీస్తారు. రక్తం కారుతున్నప్పుడు ఆగాల్సిందే. ఉబ్బి ఉన్నాయన్న ఒక్క కారణానికి మాత్రం గొట్టం మానేయక్కర్లేదని మార్గదర్శకాలు తేల్చి చెప్పాయి. రెండో భయంలో నిజం ఉంది. ఎలుకల మందు లాంటి విషం వల్లో, మాత్రలు మోతాదు మించడం వల్లో నిన్నటిదాకా బాగున్న కాలేయం రోజుల్లో కూలిపోయిన మనిషి సంగతి వేరు. అతని రక్తంలో అమ్మోనియా ఒక్కసారిగా పైకి లేస్తుంది, మెదడు వాస్తుంది. అక్కడ ప్రోటీన్‌ని ఒకటి రెండు రోజులు ఆపి, అమ్మోనియా చూసుకుంటూ మొదలుపెడతారు. కానీ గ్లూకోజ్ మాత్రం గంట కూడా ఆగదు. చక్కెర ఎప్పుడు పడిపోతుందో తెలియదు గనక నర్సు రాత్రంతా వేలు పొడిచి చూస్తూనే ఉంటుంది.

ఐసీయూ దాటి వార్డుకొచ్చిన మనిషికి రాత్రి ఇంకో గండం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో లిండ్సే ప్లాంక్ బృందం 103 మంది సిరోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) రోగులకి రోజూ 710 కేలరీల పోషకపానీయం ఇచ్చింది. సగం మందికి పగలు. సగం మందికి రాత్రి తొమ్మిది దాటాక. పానీయం అదే, కొలత అదే. 2008లో ఫలితం వచ్చింది. పగలు తాగినవాళ్లకి కండ పెరగలేదు. రాత్రి తాగినవాళ్లు ఏడాదిలో దాదాపు రెండు కిలోల కండకి సరిపడా ప్రోటీన్ కూడబెట్టుకున్నారు.

హైదరాబాద్‌లో గానీ, విశాఖలో గానీ, ఏ లివర్ వార్డు బయట నిలబడినా ఒక ప్రశ్న వినపడుతుంది. స్టీలు క్యారియర్ పట్టుకున్న ఇల్లాలు డైటీషియన్‌ని అడుగుతుంది.

"చారన్నమే తెచ్చానమ్మా. పప్పు తేట అయినా కలపొచ్చా? మా అత్తగారు వద్దంటున్నారు."

"తేట కాదమ్మా, ముద్దపప్పే పెట్టండి. గుడ్డు తింటారా ఆయన?"

"తినేవారండీ. జబ్బు చేసిందగ్గర్నుంచి మానిపించాం."

"మళ్లీ మొదలుపెట్టండి. ఉప్పు ఒక్కటే తగ్గించండి, డాక్టరుగారు చెప్పినంతే. పూటకి ఇంత అని కాకుండా రోజుకి అయిదారుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. రాత్రి పడుకునే ముందు గ్లాసుడు పాలు, రెండు ఇడ్లీలు. నిద్రపోతున్నారు కదా అని వదిలెయ్యకండి, లేపి పెట్టండి."

"లేపమంటారా?"

"లేపాలమ్మా. పొద్దున లేవగానే కూడా ఏదో ఒకటి నోట్లో పడాలి. టిఫిను పదింటిదాకా ఆగకూడదు."